"పాలమూరు అవ్వ" ట్రేడ్‌మార్క్ రిజెక్ట్ అయింది. హైకోర్టుకు పోవాలా, కొత్తగా పెట్టుకోవాలా?

మెట్టుగడ్డ రొట్టెలు (ప్రశ్న)

అందరికీ నమస్తే. మాది మహబూబ్‌నగర్, మెట్టుగడ్డ. కడక్ జొన్న రొట్టెలు, సకినాలు, పల్లి కారం, అవిసె కారం చేసి ప్యాకెట్లలో అమ్ముతాం. పని మొదలుపెట్టింది మా అత్తమ్మ. మొదట చుట్టుపక్కల ఇళ్లకు, తర్వాత బస్టాండ్ దగ్గరి దుకాణాలకు, ఇప్పుడు హైదరాబాద్‌లో ఉండే మన పాలమూరోళ్లకు పార్సిల్‌లో పంపుతున్నాం. ఆమె రొట్టె కొడుతుంటే తీసిన ఫొటో చూపించి బొమ్మ గీయించాం, వెనక పిల్లలమర్రి చెట్టు పెట్టించాం, పైన "పాలమూరు అవ్వ" అని రాయించాం. 2017 నుంచి అదే లేబుల్.

ఆన్‌లైన్‌లో దొరికిన ఒక ఏజెంట్ ద్వారా ట్రేడ్‌మార్క్‌కు పెట్టాం. 30వ క్లాసు, అంటే రొట్టెలు, మసాలాల్లాంటి తిండి సరుకుల వర్గం. ఉద్యమ్ సర్టిఫికెట్ (చిన్న వ్యాపారాల రిజిస్ట్రేషన్) ఉంది కాబట్టి ప్రభుత్వ ఫీజు 4,500, అతని చార్జీ వేరే. కొన్నాళ్లకు ఎగ్జామినేషన్ రిపోర్ట్ వచ్చింది. అందులో రెండు అభ్యంతరాలు. పాలమూరు అంటే ఊరి పేరు, సరుకు ఎక్కడిదో చెప్పే మాట, కాబట్టి సెక్షన్ 9(1)(బి) అట. "అవ్వ" అనే పేరు వేరే రాష్ట్రంలో మసాలా పొడులు చేసే కంపెనీకి ఇదే క్లాసులో ముందే రిజిస్టర్ అయి ఉంది, కాబట్టి సెక్షన్ 11(1) అట. ఏజెంట్ జవాబు పెట్టాడు. వీడియోలో హియరింగ్ అయింది, అతనే మాట్లాడాడు, మాకు చెప్పనైనా లేదు. పోయిన నెల రిజెక్ట్ ఆర్డర్ మెయిల్‌కు వచ్చింది. చూస్తే నాలుగైదు లైన్లు. జవాబు చూశాం, అభ్యంతరాలు అలాగే ఉన్నాయి, అప్లికేషన్ తిరస్కరిస్తున్నాం, అంతే.

ఇప్పుడు ఆ ఏజెంట్ "అప్పీలు వేయాలి, చెన్నై హైకోర్టులో" అంటున్నాడు. మేం తెలంగాణలో ఉంటే చెన్నై ఎందుకు? ఇంకొకాయన రివ్యూ పెడితే చాలు, కోర్టు అక్కర్లేదంటాడు. మా ఆయనైతే "పేరు పోతే పోనీ, రొట్టె మనదే కదా" అంటాడు. నాకు మాత్రం ఒకటే టెన్షన్. రేపు పక్క దుకాణంలో ఇంకెవరో ఇదే పేరుతో ప్యాకెట్ పెడితే ఏం చేయాలి? ఆ మసాలా కంపెనీవాళ్లు మా మీదే నోటీసు పంపితే? మైసూర్ శాండల్ అని సబ్బు ఉంది కదా, అది ఊరి పేరు కాదా? వాళ్లకు ఎట్లా ఇచ్చారు? తెలిసినవాళ్లు చెప్పండి.

బాదేపల్లి కిరాణం

అక్కా, వదిలేయండి. నా దుకాణంలో "పాలమూరు" పేరుతో పచ్చళ్లున్నాయి, నూనె ఉంది, అటుకులున్నాయి. ఎవరూ ఎవర్నీ ఆపలేదు. మీ రొట్టె బాగుంటే జనం మీదే అడుగుతారు. కోర్టుకు పెట్టే డబ్బుతో ఇంకో మిషన్ కొనుక్కోండి.

నల్లగొండ మార్కుల ఏజెంట్

అమ్మా, నేను నల్లగొండలో ట్రేడ్‌మార్క్ ఏజెంట్‌ను. నా దగ్గరికి ఎక్కువగా వచ్చేది మిర్యాలగూడ రైస్ మిల్లుల బస్తా పేర్లు. దేవుడి పేరు లేని బస్తా దొరకడం కష్టం, కాబట్టి సెక్షన్ 11 గొడవలు నాకు రోజువారీ తిండి. కొంచెం పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

ముందు గడువులు. ఆర్డర్ మీకు చేరిన రోజు నుంచి మూడు నెలల్లో అప్పీలు వేయాలి. ట్రేడ్‌మార్క్ చట్టం 1999, సెక్షన్ 91. ఆలస్యమైతే సరైన కారణం చూపించి అడగొచ్చు గానీ దాని మీద ఆధారపడకండి. రివ్యూ అయితే అదే రిజిస్ట్రీలో, టీఎం-ఎం ఫారంతో, నెల లోపల పెట్టాలి. ఇంకో నెల వరకు రిజిస్ట్రార్ పొడిగించవచ్చు. మీకు మొదటి నెల దాటింది, అంటే రివ్యూ తలుపు సగమే తెరిచి ఉంది. అయినా రివ్యూ ఎందుకు పనికొస్తుందో తెలుసుకోండి. మీరు పెట్టిన కాగితాన్ని ఆఫీసర్ చూడనేలేదు, హియరింగ్ నోటీసు అందలేదు, ఇట్లాంటి కళ్లకు కనిపించే లోపం ఉంటే పెట్టొచ్చు. "మీ అభిప్రాయం తప్పు" అని చెప్పుకోవడానికి మాత్రం రివ్యూ కాదు, అప్పీలే దారి.

చెన్నై ఎందుకంటే, దేశంలో ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీలు ఐదే ఉన్నాయి: ముంబై, అహ్మదాబాద్, ఢిల్లీ, కోల్‌కతా, చెన్నై. మన రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై కింద, గిండీలో ఆఫీసు. ఇంతకుముందు ఈ అప్పీళ్లను ఐపీఏబీ అనే బోర్డు వినేది. 2021లో దాన్ని తీసేసి పని హైకోర్టులకు ఇచ్చారు. మీ ఆర్డర్ పుట్టింది చెన్నై ఆఫీసులో, కాబట్టి మద్రాస్ హైకోర్టు. అక్కడ ఇట్లాంటి కేసులకు ప్రత్యేకంగా ఐపీ (మేధో సంపత్తి) డివిజన్ ఉంది. ఒక సంగతి, మీ ఏజెంట్ రిజిస్ట్రీ ముందు మాట్లాడగలడు గానీ హైకోర్టులో నిలబడలేడు. అడ్వకేట్ వేరే కావాలి, ఖర్చు 4,500తో పోల్చేటట్టు ఉండదు.

ఇప్పుడు అసలు విషయం. మీ ఆర్డర్‌లో రెండు అభ్యంతరాలున్నాయి, రెండింటి బలం ఒకటి కాదు. మీరు రెండింటినీ కలిపి బాధపడుతున్నారు.

"పాలమూరు" సంగతి తీసుకోండి. 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ పేరు పెట్టినా మన జనం నోట్లో ఇప్పటికీ పాలమూరే. ఎత్తిపోతల పథకం పేరులో పాలమూరు ఉంది, వలస కూలీ మాట వస్తే పాలమూరే. ఇంత అందరిదైన మాట రొట్టెల మీద ఒక్కరికే రాసివ్వమంటే ఏ రిజిస్ట్రారూ ఇవ్వడు, ఇవ్వకూడదు కూడా. ఇస్తే జడ్చర్లలో, వనపర్తిలో ఇదే రొట్టె చేసుకునే ఆడవాళ్లు తమ ఊరి పేరు వేసుకోలేరు. దీని మీద పాత తీర్పు ఒకటుంది. ఒక పెద్ద సిగరెట్ కంపెనీ "సిమ్లా" అనే పేరు అడిగింది. లేబుల్ మీద మంచు కొండల బొమ్మ కూడా వేసింది. సిమ్లాలో పొగాకు పండదు, అందుకని ఎవరూ పొరబడరని వాదించింది. 1977లో కలకత్తా హైకోర్టు ఒప్పుకోలేదు, అంత పేరున్న ఊరిని ఒకరికి ఇవ్వలేమంది. మీ విషయంలో జొన్న నిజంగానే పాలమూరులో పండుతుంది, కాబట్టి మీ వాదన ఇంకా బలహీనం.

మైసూర్ శాండల్ మాట అడిగారు. ఆ సబ్బు ఫ్యాక్టరీ 1916లో మైసూరు సంస్థానం పెట్టింది. సెక్షన్ 9లోనే ఒక మినహాయింపు ఉంది. అప్లికేషన్ తేదీకి ముందే వాడకం వల్ల ఆ పేరు జనం మనసులో ఒక్కరి సరుకుగా నిలబడితే ఇవ్వొచ్చు. నూరేళ్ల వాడకం ఉన్నవాళ్లు చూపించగలిగింది మనం 2017 నుంచి అని చూపించలేం. అసాధ్యమని కాదు, అమ్మకాల లెక్కలు, ప్రచారం ఖర్చు, వార్తాపత్రికల్లో రాసినవి కట్టలు కట్టలు కావాలి.

"అవ్వ" సంగతి వేరు. మీకు నిజంగా కావలసిందీ, గెలిచే వీలున్నదీ ఇదే. బొమ్మ, చెట్టు, అక్షరాలు, అన్నీ కలిపి లేబుల్ మొత్తంగా చూడాలని వాదించవచ్చు. కానీ "అవ్వ అనే పేరుతో ఇంకా చాలా మార్కులు రిజిస్టర్ అయ్యాయి, మాకెందుకు ఇవ్వరు" అనే వాదన ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. గ్లూవిటా, గ్లూకోవిటా కేసులో సుప్రీంకోర్టు 1959లోనే చెప్పింది: రిజిస్టర్‌లో పేరు ఉన్నంత మాత్రాన బజారులో ఆ సరుకు ఉన్నట్టు కాదు, నిజంగా వాడుకలో ఉన్నట్టు చూపించాలి. చాలామంది ఏజెంట్లు వెబ్‌సైట్ నుంచి పది పేర్లు దింపి జవాబులో అతికిస్తారు. అది పని చేయదు.

మీరు ఈ రోజే చేయాల్సింది ఒకటి. రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో మీ అప్లికేషన్ నంబర్ కొట్టి ఫైలు మొత్తం తెరవండి, ఎవరినీ అడగనక్కర్లేదు. మొదట చూడాల్సింది, వాడకం తేదీ దగ్గర 2017 అని ఉందా, "ఇకముందు వాడబోతున్నాం" అని ఉందా. తర్వాత వాడకం గురించి అఫిడవిట్, బిల్లులు ఎక్కించారా లేదా. అట్లనే ఆ మసాలా కంపెనీ మార్కు తెరిచి దాని అప్లికేషన్ తేదీ, వాడకం తేదీ, రెన్యువల్ అయిందా లేదా చూడండి. ఈ మూడూ తెలియకుండా అప్పీలు వేయమని గానీ వద్దని గానీ చెప్పేవాడి మాట వినకండి. నాతో సహా.

నారాయణపేట చీరల కొట్టు

పై ఆయన చెప్పింది కరెక్ట్. ఊరి పేరు మీద మా దగ్గర కథ వేరే ఉంది, మీకు పనికొస్తదేమో చూడండి. నారాయణపేట చీరకు జీఐ (భౌగోళిక గుర్తింపు) ఉంది, గద్వాల చీరకు ఉంది, అటు పోచంపల్లి ఇక్కత్‌కు 2004-05లోనే వచ్చింది. జీఐ ఒక్క మనిషికి ఇచ్చేది కాదు, ఆ ప్రాంతంలో చేసేవాళ్లందరిదీ. సంఘం అప్లై చేస్తుంది, మనలాంటివాళ్లం తర్వాత అధీకృత వాడుకదారుగా పేరు ఎక్కించుకోవాలి. ఆ రిజిస్ట్రీ కూడా చెన్నైలోనే.

మా కొట్టు పేరును మేం ట్రేడ్‌మార్క్ చేయించినప్పుడు "నారాయణపేట" అనే మాటే పెట్టలేదు. మా తాతగారి ఇంటిపేరు, ఒక గోపురం అంచు బొమ్మ పెట్టాం. నారాయణపేట అని చీర మీద ఎట్లాగూ రాసుకుంటాం, దాన్ని ఎవరూ ఆపలేరు. మీ జొన్న రొట్టె కూడా అంతే అనుకోండి. ఊరి పేరు ప్యాకెట్ మీద ఉంచండి, అప్లికేషన్‌లో ప్రాణమంతా దాని మీద పెట్టకండి.

మెట్టుగడ్డ రొట్టెలు

అందరికీ థాంక్స్. సార్, మీరు చెప్పినట్టు ఫైలు తెరిచాను. చూస్తే ఒళ్లు మండింది. వాడకం దగ్గర "ఇకముందు వాడబోతున్నాం" అని పెట్టాడు. మా దగ్గర 2017 లేబుల్ ప్రింటింగ్ బిల్లు ఉంది, ఫుడ్ లైసెన్స్ కాగితం ఉంది, దుకాణాలకు వేసిన బిల్ బుక్కులున్నాయి. అవన్నీ అతనికి వాట్సాప్‌లో పంపాను. ఫైల్లో ఒక్కటీ లేదు. జవాబు రెండు పేజీలు, అందులో మా రొట్టెల మాటే లేదు, ఎవరిదో జవాబులో పేరు మార్చినట్టుంది.

ఆ మసాలా కంపెనీ మార్కు 2019లో పెట్టింది. వాళ్లది కూడా "వాడబోతున్నాం" అనే ఉంది. అంటే మేమే ముందు కదా? ఇప్పుడు అప్పీల్లో ఈ బిల్లులన్నీ పెట్టొచ్చా?

నల్లగొండ మార్కుల ఏజెంట్

వాడకంలో మీరే ముందు అనేది మంచి కబురు. మొదట నోటీసు భయం తీసేసుకోండి. సెక్షన్ 34 అని ఉంది. రిజిస్టర్ చేసుకున్నవాడి వాడకం కన్నా, వాడి రిజిస్ట్రేషన్ తేదీ కన్నా ముందు నుంచి మీరు వరసగా వాడుతుంటే, ఆ రిజిస్ట్రేషన్ చూపించి వాడు మిమ్మల్ని ఆపలేడు. 2017 బిల్లు మీ దగ్గర ఉండాలి, అది బంగారం, జిరాక్స్‌లు తీసి వేర్వేరు చోట్ల పెట్టండి. రిజిస్టర్ కాకపోయినా మీ పేరుతో ఎవరైనా ప్యాకెట్ పెడితే పాసింగ్ ఆఫ్ కేసు, అంటే వాళ్ల సరుకును మీ సరుకుగా నమ్మించి అమ్ముతున్నారని కేసు, వేసుకునే హక్కు మీకు అట్లాగే ఉంటుంది. బాదేపల్లి అన్న చెప్పిన "వదిలేయండి"లో అంతవరకు నిజం ఉంది.

అప్పీలు మాట. హైకోర్టు చూసేది రిజిస్ట్రార్ ముందు ఉన్న ఫైలును. అక్కడ లేని బిల్లులు కొత్తగా పెట్టాలంటే ముందు ఎందుకు పెట్టలేదో చెప్పి అనుమతి అడగాలి. పైగా మీ అప్లికేషనే "వాడబోతున్నాం" అంటుంటే, అదే నోటితో "2017 నుంచి వాడుతున్నాం" అని వాదించడం మీకే అడ్డం తగులుతుంది.

అందుకే నా సలహా: కొత్త అప్లికేషన్, ఈ వారమే. లేబుల్ మొత్తం బొమ్మగా. వాడకం తేదీ 2017, దానికి అఫిడవిట్, బిల్లులు జత. సెక్షన్ 11 మళ్లీ వస్తుంది, తప్పదు. అప్పుడు సెక్షన్ 12 కింద నిజాయితీగా పక్కపక్కన సాగుతున్న వాడకం అని అడుగుదాం. ఆ కంపెనీ ఒప్పుకుంటే సమ్మతి లెటర్ తీసుకోవచ్చు, దానికి సెక్షన్ 11(4)లో దారి ఉంది. వాళ్లు మసాలాలే అమ్ముతూ ఉంటే రొట్టెల మీద అభ్యంతరం లేదని రాసివ్వడం నేను చూశాను. వాళ్లు అసలు ఏమీ అమ్మకపోతే, రిజిస్టర్ అయ్యాక ఐదేళ్లు దాటి వాడని మార్కును తీసేయమని సెక్షన్ 47 కింద అడగొచ్చు.

హైదరాబాద్ అడ్వకేట్, ఊరు దేవరకొండ

ఏజెంట్ గారితో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్కచోట తప్ప. అప్పీలును అంత తేలిగ్గా కొట్టేయకండి. సెక్షన్ 18(5) ప్రకారం తిరస్కరిస్తే కారణాలు రాతపూర్వకంగా ఇవ్వాలి. నాలుగు లైన్ల ఆర్డర్‌లో కారణం ఏముంది? ఇట్లాంటి ఆర్డర్లను హైకోర్టులు కొట్టేసి, మళ్లీ విని నిర్ణయించమని వెనక్కి పంపిన సందర్భాలు చాలా ఉన్నాయి. మీ పాత అప్లికేషన్ తేదీ నిలబడుతుంది. మధ్యలో మూడోవాళ్లు ఎవరైనా "అవ్వ" పేరుతో అప్లై చేసి ఉంటే ఆ తేదీకి విలువ వస్తుంది.

అయితే గెలిచినా చేతికి సర్టిఫికెట్ రాదు. ఫైలు మళ్లీ రిజిస్ట్రార్ దగ్గరికి పోతుంది. ఒప్పుకుంటే జర్నల్‌లో ప్రకటిస్తారు, ఎవరైనా వ్యతిరేకించడానికి నాలుగు నెలలు. కొత్త అప్లికేషన్‌కూ చివరి మెట్లు ఇవే అనుకోండి. నేనైతే, మీ అప్లికేషన్ తేదీ తర్వాత ఇదే క్లాసులో వచ్చిన "అవ్వ" మార్కుల కోసం ఒకసారి సెర్చ్ చేస్తాను. ఏమీ లేకపోతే ఏజెంట్ గారి దారి. ఉంటే మూడు నెలలు దాటకముందే చెన్నైలో అప్పీలు. కొత్త అప్లికేషన్ పెట్టినంత మాత్రాన అప్పీలు హక్కు పోదు, రెండూ పక్కపక్కన నడవొచ్చు.

నల్లగొండ మార్కుల ఏజెంట్

అడ్వకేట్ గారి సెర్చ్ మాట మంచిది, ఒప్పుకుంటున్నా. అమ్మా, నంబర్ మెసేజ్ చేయండి, ఆ సెర్చ్ నేను చేసి పెడతా, డబ్బులేం అక్కర్లేదు.

మెట్టుగడ్డ రొట్టెలు

చేశాను సార్. ఇంకో రెండు డౌట్లు. పాత ప్యాకెట్ల మీద ఆ ఏజెంట్ చెప్పాడని గుండ్రం లోపల "ఆర్" గుర్తు కూడా కొన్నింటికి వేయించాం. అవి ఇంకా మూడు బండిళ్లున్నాయి, వాడొచ్చా? రెండోది, అప్లికేషన్ నా పేరు మీద పెట్టాలా, అత్తమ్మ పేరు మీదా? 2017 బిల్లు ఆమె పేరు మీద ఉంది, జీఎస్టీ నా పేరు మీద.

నల్లగొండ మార్కుల ఏజెంట్

ఆ బండిళ్లు వాడొద్దు. రిజిస్టర్ కాని మార్కుకు ఆ గుర్తు వేయడం చట్టప్రకారం తప్పు, ఆ మసాలా కంపెనీకి మీరే ఆయుధం ఇచ్చినట్టవుతుంది. గుర్తు మీద స్టిక్కర్ అంటించి చెల్లించేయండి, లేదా పక్కన పెట్టేయండి. "టీఎం" అని వేసుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు.

పేరు సంగతి మీరు అడగడం మంచిదైంది, చాలా ఫైళ్లు ఇక్కడే దెబ్బతింటాయి. మీ పేరు మీదే పెడదాం, కానీ అత్తమ్మ గారు ఈ పేరును, దాని మీద వచ్చిన మంచిపేరును మీకు రాసిచ్చినట్టు ఒక అసైన్‌మెంట్ డీడ్ ముందు చేయించాలి. అప్పుడే 2017 నుంచి వాడకాన్ని "మాకు ముందున్న యజమాని ద్వారా" అని చూపించుకోగలం. బొమ్మ ఆమెదే కాబట్టి, బతికున్న మనిషి రూపం వాడుతున్నారు, సమ్మతి ఏదని సెక్షన్ 14 కింద రిజిస్ట్రార్ అడగొచ్చు. ఆ లెటర్ కూడా అదే రోజు సంతకం పెట్టించండి. బొమ్మ గీసినాయన దగ్గర నుంచి కూడా హక్కులు మీకిచ్చినట్టు రాతపూర్వకంగా తీసుకోండి. ఆయన ఊళ్లోనే ఉన్నాడా?

మెట్టుగడ్డ రొట్టెలు

ఉన్నాడు సార్, న్యూటౌన్‌లో ఫ్లెక్సీ షాపు. రేపు పొద్దున పోయి అడుగుతా. అత్తమ్మకు చెప్తే "నా బొమ్మకు నా సంతకమా" అని నవ్వుతుంది. డీడ్ నమూనా ఉంటే పంపండి.